కలలు రాని చలికాలం

కడపలో ఒక పెద్ద ఆసుపత్రి, అందులో పిల్లల వార్డు. అక్కడ ఆరాధన అనే నర్సు పనిచేస్తుంది. సూది చూడగానే గుక్కపట్టి ఏడ్చే పిల్లల పక్కన కూర్చుని, "రాత్రి నీకేం కల వచ్చిందో చెప్పు నాన్నా" అని అడుగుతుంది. ఏడుపు ఆపి కల గుర్తు తెచ్చుకునే లోపల ఆమె చేతిలో పని అయిపోతుంది. అదేదో పిల్లల్ని ఏమార్చే ఉపాయమని కొత్తగా వచ్చిన నర్సులు అనుకుంటారు. కాదు. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది. పిల్లవాడు కల చెప్పడం పూర్తి చేసేదాకా ఆమె లేవదు.

కలలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ అంత ఇష్టం. గండికోటకు ఎదురుగా, పెన్న ఆవలి గట్టు మీద వాళ్ళ ఊరు. ఎర్రరాళ్ళ మధ్య లోయలో నది ఎక్కడో కింద, పారేసుకున్న రిబ్బను మాదిరి కనిపిస్తుంది. తండ్రి ప్రేమయ్యకు వానను నమ్ముకున్న రెండెకరాల చేను ఉంది. చేనిలో పని లేనప్పుడు బండల గనికి పోతాడు. శని, ఆదివారాల్లో లోయ చూడ్డానికి వచ్చే పట్నం వాళ్ళకు గుడారాలు వేసి పెడతాడు. తల్లి కూలికి పోతుంది. పొద్దున్నే పొయ్యి దగ్గర ఉండేది నాయనమ్మ విశ్వాసమ్మే. ఆరాధన ఆమెను జేజీ అంటుంది.

నిద్ర లేవగానే ఆరాధన దుప్పటి కప్పుకునే వచ్చి పొయ్యి ముందు కూర్చునేది. "జేజీ, ఈ పొద్దు ఏం కల వచ్చినాదో తెలుసా?" అని మొదలుపెట్టేది. జేజి సంగటి కెలుకుతూ, "ఊ, ఆ తర్వాత?" అంటుండేది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడేవాళ్ళు. ఒకసారి తమ నల్లమేక చర్చిలో అయ్యగారి గొంతుతో ప్రార్థన చేసిందని చెప్పింది. ఆ కల ఊరంతా తిరిగి అయ్యగారి దాకా పోయింది. ఆయన ఆదివారం నాడు ప్రసంగం మధ్యలో మేకను తలుచుకుని నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ పిల్ల బాగా చదివింది. కర్నూలులో నర్సింగ్ సీటు వచ్చింది. ఆ ఊరి అంచునే కల్లూరులో హాస్టలు. గదిలో ఆదోని వైపు నుంచి వచ్చిన శివజ్యోతి తోడు. పత్తి పండించే పెద్ద రైతుల ఇంటి పిల్ల, మాట గట్టిది, మనసు మెత్తనిది. మొదటి రెండేళ్ళు ఇద్దరూ నవ్వుకుంటూ, పోట్లాడుకుంటూ గడిపేశారు. ఆదివారం ఆరాధన చర్చికి పోయి పాటలు పాడి వచ్చేది. శివజ్యోతి ఆమెకోసం మిరపకాయ బజ్జీలు కట్టించి తెచ్చేది.

మూడో ఏడు వచ్చేసరికి అంతా మారింది. పొద్దున ఆసుపత్రి డ్యూటీ, మధ్యాహ్నం క్లాసులు, సాయంత్రం రోగుల గురించి రాయవలసిన పేజీలు, ఆ పైన మందుల పేర్లు. అవి చాలక ఆరాధనకు ఇంకొకటి పట్టుకుంది. కాలేజీలో మొదటి స్థానం రావాలి. ఆమె సీటు కోసం చర్చిలో ఊరంతా మోకరించి ప్రార్థన చేసింది. "మన ఊరికి మొదటి నర్సమ్మ" అని ప్రేమయ్య గుడారాలకు వచ్చే పట్నం వాళ్ళకు కూడా చెప్పుకునేవాడు. అంతమంది ఆశ పెట్టుకున్నాక చదవని ప్రతి గంటా వాళ్ళ దగ్గర దొంగిలించినట్టే ఆమెకు తోచేది.

అందుకని మొదట ఆదివారం పాటలు మానేసింది. తర్వాత సాయంత్రం పూట మేడ మీద తిరగడం. ఆ తర్వాత జేజికి ఫోన్ చేయడం. నిద్రను కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చింది. ఎంత కోసినా ఇంకా కొంచెం మిగిలి ఉన్నట్టే అనిపించేది. క్రిస్మస్‌కు కూడా ఇంటికి పోలేదు.

చలి ముదిరే కొద్దీ ఆమెకు లోకం దూరం జరిగింది. నీళ్ళలో మునిగి పైనున్న వాళ్ళ మాటలు వింటే ఎలా ఉంటుందో అలా వినిపించేవి మాటలన్నీ. అన్నం నోట్లో పెట్టుకుంటే మెత్తగా ఉందని తెలిసేది గానీ రుచి తెలిసేది కాదు. పుస్తకంలో ఒకే వరుసను మళ్ళీ మళ్ళీ చదివేది. చదివిన ప్రతిసారీ అది కొత్తగానే ఉండేది. ఒళ్ళు నొప్పి లేదు, జ్వరం లేదు. కాబట్టి తాను బాగానే ఉన్నాననుకుంది.

ఆడవాళ్ళ వార్డులో ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె ఉండేది. పొద్దున ఆరాధన రాగానే ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదిలేది కాదు. ఒక రోజు ముసలామె కండ్లనిండా నీళ్ళతో, "కూతురా, నన్ను ఇంటికి పంపిస్తాండారంట. మా వాడు ఇంకా రాలేదు. వస్తాడంటావా?" అంది. ఆరాధన ఆ చేతిని మెల్లగా తీసి మంచం మీద పెట్టి, థర్మామీటర్ చూసి, అంకె రాసుకుని ముందుకు పోయింది. జాలి కలగలేదు. విసుగూ కలగలేదు. పక్కనే నిలబడి ఎవరో వేరే పిల్ల ఆ పని చేస్తుంటే చూస్తున్నట్టుంది.

వెనక నుంచి పిలుపు వినబడింది. వార్డు పెద్ద సిస్టర్ లక్ష్మీదేవమ్మ. పాతికేళ్ళ నుంచి ఆ వార్డును నడుపుతున్న మనిషి. ఆరాధన ముసలామె జ్వరం అంకెను పక్క మంచం కాగితంలో రాసిందని వేలుపెట్టి చూపించింది.

"నిన్న ఎంతసేపు పండుకున్నావ్?"

"పండుకున్నా మేడమ్."

"నేను అడిగింది ఎంతసేపని."

ఆరాధన తల వంచుకుంది. లక్ష్మీదేవమ్మ ఆమె గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పి చూసింది.

"ఈ పొద్దు జ్వరం తప్పు రాసినావు. రేపు మందు తప్పు ఇస్తావు. నిద్రలేని కండ్లు నా వార్డులో వద్దు. మీ ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతా. ఇంటికి పో. బాగా పండుకొని, మనిషివై రా."

సిగ్గుతో హాస్టలుకు వచ్చి బట్టలు సర్దుకుంటుంటే ఆరాధనకు ఒక సంగతి తట్టింది. చేతిలో చున్నీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"జ్యోతీ, నాకు కలలు రావడంల్యా."

"ఏమంటివీ?"

"దసరా సెలవులప్పుడు వచ్చినట్టు గుర్తు. ఆ తర్వాత ఒక్కటి గూడా రాలే."

శివజ్యోతి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే నవ్వింది. "మంచిదే గదే. ఆ టైము గూడా మిగులుతాది."

ఆరాధనకు నవ్వు రాలేదు. ఆ గదిలో ఆమెకు మొదటిసారి భయం వేసింది. భయం వేసినందుకు, ఏదో ఒకటి అనిపించినందుకు, కొంచెం ఊరట కూడా కలిగింది.

బస్సు నంద్యాల దాటి కోవెలకుంట్ల మీదుగా పోయింది. నల్లరేగడి నేలలో శనగ కోతలైపోయాయి. ఖాళీ చేల మీద గాలి దుమ్మును మెల్లగా ఎత్తి మెల్లగా దించుతోంది. కిటికీకి తల ఆనించి కండ్లు మూసుకుంది. నిద్ర రాలేదు. కండ్లు తెరిస్తే చేలూ, కొంగలూ, దూరాన బండల గుట్టలూ ఒకదానిలోంచి ఒకటి కరిగి బయటికి వస్తున్నట్టు కనిపించాయి. జమ్మలమడుగులో దిగమని కండక్టర్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆమెను చూసి ప్రేమయ్య కంగారుపడ్డాడు. "ఏమైంది పాపా? పరీక్ష తప్పితివా?"

"పరీక్షలు ఇంకా రాలేదు నాయనా."

"మరి ఇప్పుడెందుకు వచ్చినావు?"

"పండుకునేదానికి."

ఆ మాట అతనికి అర్థం కాలేదు. తల్లి ఆమె నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. జేజి మాత్రం మంచం తెచ్చి వేపచెట్టు నీడలో వేసింది.

అయితే నిద్ర రమ్మంటే వచ్చేది కాదు. అలారం ఆపేసినా చీకటితోనే మెలకువ వచ్చేసేది. లేచి పుస్తకం ముందు కూర్చునేది. అది చూసి ప్రేమయ్య మనసు కుదుటపడింది. జేజి మనసు కుదుటపడలేదు. పొద్దున పొయ్యి దగ్గర అడిగింది.

"ఏం కల వచ్చినాది పాపా?"

"రాలే జేజీ."

"నిన్న గూడా రాలేదంటివే."

"నిన్న కాదు జేజీ. దసరా నుంచి రాలే."

జేజి చేతిలో తెడ్డు ఆగిపోయింది. దసరా నుంచి అన్నం తినలేదని చెప్పినా ఆమె అంత బెదిరేది కాదేమో. "అయ్యో నా తల్లీ" అని మాత్రం అంది.

శనివారం మధ్యాహ్నం జేజి చర్చి ఊడ్చడానికి పోతూ మనవరాలిని వెంటబెట్టుకుని పోయింది. ఊరి వాళ్ళ తాతల కాలంలో రాతితో కట్టిన చిన్న చర్చి అది. గోడలు మందం. కింద నున్నటి నల్లటి నాపబండలు. బయట మాఘమాసపు ఎండ కాస్తుంటే లోపల బావిలో ఉన్నంత చల్లగా ఉంటుంది. బలిపీఠం వెనక కిటికీకి ఎరుపు, నీలం అద్దాలు. జేజి చీపురు చప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకు సాగుతోంది. ఆరాధన చాప తెచ్చి పరుస్తూ, ఎలా ఉంటుందో చూద్దామని ఒక్క నిమిషం నడుం వాల్చింది. బండ చల్లదనం చాపలోంచి వీపుకు తగిలింది. నీలి వెలుతురు ఆమె మోచేతి మీద వాలి, మెల్లగా భుజం వైపు పాకింది. చీపురు చప్పుడు దూరమైంది.

జేజి ఊడ్వడం ఆపేసింది. చీపురు గోడకు ఆనించి, చెప్పులు లేని కాళ్ళతో కూడా చప్పుడు కాకుండా నడిచి వచ్చి, పక్కన కూర్చుని కొంగుతో ఈగలు తోలసాగింది.

సాయంత్రం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల పాటలు నేర్చుకోవడానికి యువకులు డోలకు పట్టుకుని వచ్చారు. ముందు నడుస్తున్న యేసుప్రసాద్ తలుపు తోయబోయాడు. జేజి వేలు ఎత్తి ఆపింది.

"ఏమవ్వా, పాటలు నేర్చుకోవల్ల గదా."

"బయట నేర్చుకోపోండి. పాప పండుకుంది."

"చర్చిలోనా?"

"చర్చిలోనే. దేవుడు ఏమీ అనుకోడు. నువ్వు గమ్మున ఉండు."

వాళ్ళు చర్చి ముందరి వేపచెట్టు కిందికి పోయి, డోలకు మీద అరచేత్తో కాకుండా వేళ్ళతో తడుతూ, గొంతు తగ్గించి పాడుకున్నారు. ఆ ఏడు ఆ పాటలు అంత మెత్తగా రావడానికి అదే కారణమని ఊళ్ళో ఇప్పటికీ అంటారు.

ఆరాధనకు మెలకువ వచ్చేసరికి కిటికీలో నీలం పోయి ఎరుపు మిగిలింది. పాట ఎక్కడి నుంచో వినిపిస్తోంది. తాను ఎక్కడున్నదీ కాసేపు తెలియలేదు. తెలిశాక కూడా కదలలేదు.

"జేజీ," అంది చివరికి, "పెన్న నిండింది."

జేజి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఊ. ఆ తర్వాత?"

"లోయ అంచుదాకా నీళ్ళు. ఎర్రనీళ్ళు కాదు, తేటవి. మా వార్డు మంచాలన్నీ ఏరు దాటే పుట్లు అయిపోయినాయి. ఒక్కో పుట్టిలో ఒక్కో పేషెంటు. తెడ్లు లేవు, అయినా పోతాండాయి. నేను గట్టు మీద నిలబడి పేర్లు పిలుస్తాండా. ఒకరి తర్వాత ఒకరు చెయ్యి ఊపుతాండారు. ఒక ముసలామె మాత్రం చెయ్యి ఊపలే. చెయ్యి చాపింది."

"నువ్వు పట్టుకుంటివా?"

ఆరాధన నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది. ఎమ్మిగనూరు ముసలామె చెయ్యి, ఎండిన ఆకులాంటి ఆ చర్మం, కండ్లలో నీళ్ళు, కొడుకు వస్తాడా అని అడిగిన తీరు, అప్పుడు తగలనివన్నీ ఇప్పుడు ఒక్కసారిగా తగిలాయి. చాలాసేపు ఏడ్చింది. బయట పాట ఆగి, మళ్ళీ మొదలైంది. జేజి కొంగుతో ఈగలు తోలుతూనే కూర్చుంది.

అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు ఆమె ఊళ్ళో ఉండిపోయింది. తల్లితో కలిసి కందులు కొట్టింది. తండ్రితో పోయి గుడారాల తాళ్ళు కట్టింది. రాత్రిళ్ళు నిద్ర తనంతట తానే వచ్చేది. సంగటికి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండికి మళ్ళీ రుచి వచ్చింది. వార్డులో ఒక బామ్మకు నిద్ర ఎందుకు ముఖ్యమో తానే వివరించి చెప్పిన సంగతి గుర్తొచ్చి, లోయ గట్టు మీద కూర్చుని ఒక్కతే నవ్వుకుంది.

ప్రేమయ్యకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. ఒక సాయంత్రం గుడారం మేకు దిగ్గొడుతూ అడిగాడు. "ఇంగ పోవా పాపా? అందరూ ముందుకు పోతాండారేమో."

"పోతా నాయనా. ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. నేను ఫస్టు రాను."

అతను సుత్తి ఆపాడు.

"పాసవుతా. మంచి నర్సును అవుతా. కానీ నిద్ర మానుకొని, పాట మానుకొని, మనుషుల్ని మర్చిపోయి ఫస్టు రావడం నావల్ల కాదు. సాలదా నాయనా?"

"అందరికీ చెప్పి పెట్టుకున్యానే," అన్నాడతను మెల్లగా. మిగిలిన మేకులు దిగ్గొట్టి ఇంటికి నడిచాడు. అది ఆరాధనను బాధపెట్టింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆమె బయలుదేరే రోజు అతను జమ్మలమడుగు దాకా వచ్చి బస్సు ఎక్కించాడు. కిటికీ దగ్గరికి వచ్చి, "జేజికి ఫోన్ చేస్తాండు. దినామూ," అని మాత్రం చెప్పాడు.

వార్డులో అడుగుపెట్టగానే లక్ష్మీదేవమ్మ మళ్ళీ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఊ" అంది. ముసలామె మంచంలో వేరే ఎవరో ఉన్నారు. కొడుకు వచ్చి తీసుకుపోయాడని ఆయా చెప్పింది. ఆ రోజంతా ఆరాధనకు గుండె తేలిగ్గా ఉంది.

చదువు మానలేదామె. చదువుకు ఒక గట్టు కట్టుకుంది. సాయంత్రం డ్యూటీ బట్టలు మార్చుకుని, కల్లూరులో షేర్ ఆటో ఎక్కి, తుంగభద్ర ఒడ్డుకు పోయేది. అక్కడ చేసేదేమీ లేదు. నీళ్ళలో నిలబడ్డ కొంగలను, ఆరేసిన చీరలను, వంతెన మీద పోయే లారీలను చూసేది. తిరిగి వచ్చి శ్రద్ధగా చదివేది. రాత్రి ఒక హద్దు దాటాక దీపం ఆర్పేసేది. ఆదివారం పుస్తకం ముట్టేది కాదు. పాటలకు పోయేది. పొద్దున్నే జేజికి ఫోన్ చేసి కల చెప్పేది. కల రాకపోతే రాలేదని చెప్పేది. వరసగా కొన్నాళ్ళు రాకపోతే, ఏదో మళ్ళీ బిగుసుకుంటోందని తెలుసుకుని, ఆ రోజు ఇంకా ముందే పండుకునేది.

శివజ్యోతి మొదట ఎగతాళి చేసింది. "మా అవ్వ గూడా నీ అంత పండుకోదు" అనేది. ఎండాకాలం వచ్చేసరికి ఆ పిల్లే అన్నం ముందు కూర్చుని కారణం లేకుండా ఏడవడం మొదలుపెట్టింది. కడుపునొప్పి అనేది, మాత్రలు వేసుకునేది, తగ్గేది కాదు. ఒకరోజు ఆరాధన ఆమె చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"లెయ్యే. పోదాం."

"యాడికి? యూనిట్ అయిపోలేదు నాకు."

"ఏటికి. యూనిట్ యాడికీ పోదు, ఈడనే ఉంటాది."

ఆ రోజు ఒడ్డున శివజ్యోతి మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఆటో వాళ్ళ కేకలు వినిపించేదాకా అలాగే ఉండిపోయింది. మరుసటి రోజు చెప్పులు తానే వేసుకుని గుమ్మంలో నిలబడింది.

మెల్లగా హాస్టల్లో అది అలవాటైంది. పొద్దున ఉగ్గాని ప్లేట్లు పట్టుకుని అమ్మాయిలు ఒకరినొకరు, "నీకేం కల వచ్చిందే?" అని అడిగేవాళ్ళు. ఒక పిల్ల రోజూ పెద్ద పెద్ద కలలు చెప్పేది. అవి టీవీ సీరియల్ కథలని పట్టుబడ్డాక అందరూ పొట్టపట్టుకుని నవ్వారు. చాలా రోజులు ఏ కలా రాలేదన్న పిల్లను సాయంత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఏటికి తీసుకుపోయేవాళ్ళు.

పరీక్షలు దగ్గర పడ్డప్పుడు ఆరాధన కూడా తడబడింది. గట్టు తెంచుకుని వరసగా కొన్ని రాత్రులు చదివింది. శివజ్యోతి వచ్చి పుస్తకం లాక్కుని దిండు కింద పెట్టుకుని, దాని మీదే తల పెట్టుకుని పండుకుంది. "కావాలంటే నన్ను లేపి తీసుకో" అంది. లేపడానికి ఆరాధనకు మనసు రాలేదు.

ఫలితాలు వచ్చాయి. శివజ్యోతి మూడో స్థానంలో ఉంది. ఆరాధన క్లాసు మధ్యలో ఎక్కడో ఉంది. ఇద్దరూ ఒకే రకంగా సంతోషించారు.

ఆ వారమే ప్రేమయ్య చెనిక్కాయల మూట మోసుకుని కర్నూలుకు వచ్చాడు. మార్కుల సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆరాధనకు బరువుగా తోచింది. సాయంత్రం అతన్ని షేర్ ఆటోలో ఎక్కించుకుని తుంగభద్రకు తీసుకుపోయింది. వానలు పడి నీళ్ళు వచ్చాయి. మబ్బుల కింద నది వెడల్పుగా, తొందర లేకుండా పోతోంది.

"మీరు దినామూ ఈడికేనా వచ్చేది?"

"ఊ."

"వచ్చి ఏం చేస్తారు?"

"ఏం చెయ్యం నాయనా. కూచుంటాం."

ప్రేమయ్య చుట్టూ చూశాడు. కండువా దులిపి రాయి మీద పరుచుకుని కూర్చున్నాడు. గనిలో, చేనిలో, గుడారాల దగ్గర అతను కూర్చోవడం ఆరాధన చూసిందే తక్కువ. కాసేపటికి చెప్పులు విడిచి కాళ్ళు నీళ్ళలో పెట్టాడు.

"మీ సిస్టరమ్మ కనబడింది, ఆసుపత్రి కాడికి పోయినప్పుడు," అన్నాడు నీళ్ళ వైపే చూస్తూ. "మీ పాప చెయ్యి పట్టుకుంటే రోగులు వదలరు, అనింది. శానాసేపు చెప్పింది. మార్కుల మాట ఆమె గూడా ఎత్తలే."

కొంగ ఒకటి లేచి, వంతెన కింద నుంచి పోయి, అవతల వాలింది.

"బస్సు టైమైంది నాయనా."

"పోనీలే," అన్నాడు ప్రేమయ్య. "రేపు పోతా. కల్లూరులో మన చర్చోళ్ళు ఉండారు గదా, ఆడ పండుకుంటా. నువ్వు కూచో."

ఆమె పక్కన చేరి కూర్చుంది. అతను మూటలోంచి గుప్పెడు చెనిక్కాయలు తీసి ఇద్దరి మధ్య పెట్టాడు. వాళ్ళు పొట్టు నీళ్ళలోకి వదులుతుంటే ప్రవాహం వాటిని ఒక్కొక్కటిగా అందుకుని తీసుకుపోయింది.